కోట తలుపు మూశాక వచ్చినవారి కోసం: బార్సెలోనాలో మార్కూస్ చాపెల్ చెప్పే అతిథుల చరిత్ర

2024 జూన్ 21న బార్సెలోనా మేయర్ జౌమె కొల్బోని చేసిన ప్రకటన యూరప్ అంతటా పెద్ద వార్త అయింది. పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లకు నగరంలో ఉన్న 10,101 లైసెన్సుల్లో ఒక్కదాన్నీ 2028 నవంబరు తర్వాత కొనసాగనివ్వబోమనీ, ఆ ఇళ్ళు తిరిగి ఊరివాళ్ళు కాపురముండే ఇళ్ళు కావాలనీ ఆయన చెప్పారు. ఆ తర్వాత రెండు వారాలకు, జూలై 6న, వేలమంది నగరవాసులు ఊరేగింపుగా వీధుల్లోకి వచ్చారు. రెస్టారెంట్ల ముందు బల్లల దగ్గర కూర్చున్న విదేశీయుల మీద కొందరు పిల్లలాడుకునే నీటి తుపాకులతో నీళ్ళు చిమ్మిన దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. ఈ నిర్ణయానికి ఆధారమైన, బార్సెలోనా ఉన్న కాటలోనియా ప్రాంత ప్రభుత్వ ఉత్తర్వు చెల్లుతుందని 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.

ఈ తగవుకు నేపథ్యం రాసేవారు సాధారణంగా 1992 ఒలింపిక్స్ దగ్గర మొదలుపెడతారు. అది తప్పేమీ కాదు, కానీ అక్కడ మొదలుపెడితే బయటినుంచి వచ్చినవాడికి రాత్రి బస ఎక్కడ, దానికి ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న ఈ ఊరికి కొత్తగా ఎదురైందని అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు వయసు ఎనిమిదిన్నర శతాబ్దాలకు పైమాటే. దానికి ఊరు చెప్పిన తొలి జవాబుల్లో ఒకటి రాతిలో ఇప్పటికీ నిలిచి ఉంది. పాత నగరంలో మొంట్‌కాడ వీధీ కార్దేర్స్ వీధీ కలిసే మూల మీద, చుట్టూ అయిదారంతస్తుల ఇళ్ళ నడుమ ఒదిగి ఉన్న ఒక చిన్న ప్రార్థనాలయం అది. పత్రాల్లో దాని పేరు దారి చూపే మరియమాత చాపెల్. ఊళ్ళో మాత్రం దాన్ని కట్టించినవాడి పేరుతో మార్కూస్ చాపెల్ అంటారు.

తెలియనివారు దాని ముందునుంచే వెళ్ళిపోతారు. బార్సెలోనా అనగానే కళ్ళ ముందు కదిలే సగ్రడా ఫమీలియా గోపురాలతో గానీ, ఇక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న శాంటా మరియా దెల్ మార్ చర్చి ఎత్తైన స్తంభాలతో గానీ దీనికి పోలికే లేదు. ఒకే ఒక గది, అదీ దీర్ఘచతురస్రాకారం; చెక్కిన రాళ్ళు పేర్చిన మందమైన గోడలు, అర్ధచంద్రాకారపు కమానుతో ఒక తలుపు, పైన గంట కట్టడానికి లేపిన చిన్న గోడ. కాస్త ఆగి చూస్తే గోడ రాతిలోనే కమానుల ఆకారాలు కనిపిస్తాయి. వాటి వెనక కిటికీ ఉండదు, తలుపూ ఉండదు. గోడ మొహం బోసిగా ఉండకుండా రాతిపనివాడు పెట్టిన గుడ్డి కమానులు అవి. రోమనెస్క్ అని 19వ శతాబ్ది పండితులు పేరు పెట్టిన శైలికి ఇవన్నీ ఆనవాళ్ళు. గుండ్రటి కమాను, బరువైన గోడ, తక్కువ వెలుతురు: అప్పటి మేస్త్రీలకు తెలిసినంతలో కప్పు బరువు మోయడానికి నమ్మకమైన పద్ధతి అదే. తర్వాతి శతాబ్దాల్లో చేసిన మార్పులు దీని మొదటి రూపాన్ని చాలావరకు కప్పేశాయి. అందుకని శిల్పసౌందర్యం కోసం వెతుక్కుంటూ వచ్చినవారికి కొంత నిరాశ తప్పదు. దీని విలువ ఇది నిలబడ్డ చోటులో ఉంది.

ఆ చోటు అర్థం కావాలంటే ఇప్పటి పటాన్ని పక్కనపెట్టి, 12వ శతాబ్ది నడిమి నాటి ఊరిని ఊహించుకోవాలి. రోమన్లు క్రీస్తుపూర్వం 10 ప్రాంతంలో స్థాపించిన బార్సినో చాలా చిన్న పట్టణం. దాని కోటగోడలోపల ఉన్న నేల పది హెక్టార్లకు అటూ ఇటూ. వెయ్యేళ్ళు గడిచినా ఊరు ప్రధానంగా ఆ గోడల మధ్యే ఉండేది. ఈశాన్యం వైపు ప్రధాన ద్వారం ఇప్పటి ప్లాసా దె లాంజెల్ దగ్గర ఉండేది. దాని బయట సంత జరిగేది. సంత దాటి రోడ్డు ఫ్రాన్సు వైపు సాగిపోయేది. రోమ్ నుంచి గాల్ మీదుగా స్పెయిన్ దక్షిణాన కాదిస్ దాకా వెళ్ళే మహామార్గానికి ఇది ఒక పాయ. ఇప్పటి బోరియా, కోర్దేర్స్, కార్దేర్స్, పోర్టల్ నౌ అనే ఇరుకు వీధులను వరుసగా పట్టుకు నడిస్తే మనం నడిచేది ఆ రోడ్డు మీదే. మిగతా వీధులు అడ్డదిడ్డంగా ఉన్నా ఇవి మాత్రం ఒకదాని కొసన ఒకటి అతుక్కుని ఒకే దిక్కుకు పోవడానికి కారణం అదే. ప్రధాన ద్వారం నుంచి ఈ రోడ్డు మీద అయిదారు నిమిషాలు నడిస్తే మార్కూస్ చాపెల్ వస్తుంది. కట్టినప్పుడు అది ఊరి బయట, రోడ్డు పక్కన, తోటల మధ్య ఉన్న కట్టడం.

కట్టించిన బెర్నాట్ మార్కూస్ ఆ ఊరి సంపన్న వర్తకుల్లో ఒకడు. బార్సెలోనా ప్రభువులకు అప్పులిచ్చే స్థాయి అతని కుటుంబానిది. అది ఊరికి కలిసొచ్చిన కాలం. 1137లో అరగాన్ రాజకుమారితో కుదిరిన సంబంధం వల్ల బార్సెలోనా ప్రభువైన నాలుగో రామోన్ బెరెంగెర్ చేతికి పక్క రాజ్యం కూడా వచ్చింది. 1148లో టోర్టోసా, 1149లో యేయిడా పట్టణాలు ముస్లిం పాలకుల నుంచి అతనికి దక్కాయి. యుద్ధాలకు డబ్బు కావాలి. డబ్బు వర్తకుల దగ్గర ఉంది. గెలిచాక వాళ్ళ వర్తకం ఇంకా పెరిగింది. ఆ సంపాదనలో కొంత పెట్టి, 1166 ప్రాంతంలో, రోడ్డు పక్క తన నేలలో మార్కూస్ ఒక ఆస్పత్రినీ, దాని వెంబడి ఒక శ్మశానాన్నీ, ఈ చాపెల్‌నూ కట్టించాడు.

ఇక్కడ ‘ఆస్పత్రి’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆనాటి యూరప్‌లో హాస్పిటల్ అంటే వైద్యుడు, మందులు, వార్డులు అని కాదు. అతిథి అనే అర్థం ఉన్న లాటిన్ మాటలోంచి పుట్టిన పేరు అది. హోటల్, హాస్టల్ అన్నవి కూడా అదే తల్లి పిల్లలు. దారిన పోయే బీదవాళ్ళకు, తీర్థయాత్రికులకు, జబ్బుపడి కదలలేనివాళ్ళకు పడుకోడానికి ఒక పక్క, ఇంత రొట్టె, చనిపోతే ఇంత మట్టి: దొరికేది అంతే. మన భాషలో దీనికి దగ్గరగా వచ్చే మాట సత్రం. తెలుగులో ‘మార్కూస్ సత్రం’ అని రాస్తే ఆస్పత్రి అన్నదానికంటే నిజానికి దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది. పక్కన శ్మశానం ఎందుకన్నదానికి కూడా జవాబు అందులోనే ఉంది. సత్రానికి చేరినవాళ్ళలో అందరూ మర్నాడు పొద్దున లేచి దారిపట్టేవాళ్ళు కారు.

ఊరి బయటే ఎందుకు కట్టాడన్నదానికి ఊళ్ళో చెప్పే కారణం సూటిగా ఉంటుంది. పొద్దు గూకితే కోట తలుపులు మూసేవారు. ఆ తర్వాత చేరినవాడు రాజబంధువైతే తప్ప తెల్లారేదాకా బయటే ఉండాలి. చలికాలంలో గోడ బయట గడిపే రాత్రి ఎలా ఉంటుందో రోజూ బండ్లు నడిపించే వర్తకుడికి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే దీన్ని దయగా మాత్రమే చదవకూడదు. ఎవడో తెలియని బాటసారిని, వాడి వెంట రాగల రోగాన్ని, వాడి చేతివాటాన్ని గోడ అవతలే ఆపి, అదే చోట పుణ్యం కూడా దక్కించుకునే ఏర్పాటు ఇది. మధ్యయుగపు నగరాలు చాలావరకు ఇలాంటి సత్రాలను ద్వారాల దగ్గర పెట్టాయి. ఊరు అతిథిని ఆదరించడమూ, దూరంగా ఉంచడమూ ఒకే కట్టడంతో చేసేది.

మార్కూస్‌కు అంత డబ్బు ఎలా వచ్చిందన్నదాని మీద ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. చితికిపోయిన మార్కూస్‌కు కల వచ్చింది: ఫ్రాన్సు దారి పట్టుకుని పో, నీ అదృష్టం అక్కడ ఎదురవుతుంది అని. పోయాడు. చాలా దూరం వెళ్ళాక ఎదురైన ఒక ఉద్యోగి సంగతంతా విని పకపకా నవ్వాడట. కలలు నమ్మితే ఎలా, నాకూ బార్సెలోనాలో మార్కూస్ అనేవాడి ఇంట్లో మెట్ల కింద నిధి ఉందని కల వస్తూ ఉంటుంది, నేనేమైనా లేచి పరిగెత్తానా అన్నాడట. మార్కూస్ మారుమాట లేకుండా ఇంటికి తిరిగొచ్చి మెట్ల కింద తవ్వాడు. ఇలాంటి కథ ఎన్నో దేశాల్లో ఎన్నో పేర్లతో ఉంది కనుక దీన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. అయినా, దారిన పోయేవారికి సత్రం కట్టినవాడి కథలో నిధి ఆచూకీ దారిలో ఎదురైన పరాయివాడి నోటినుంచే రావడం ఊరికే జరిగిందనుకోను.

దీని పక్కనే మొదలయ్యే మొంట్‌కాడ వీధి కూడా ఆ తరం పనే. టోర్టోసా యుద్ధంలో చేసిన సాయానికి ప్రతిఫలంగా గియెం రామోన్ దె మొంట్‌కాడకు ప్రభువు 1148లో ఇచ్చిన నేలలో ఆ వీధి పడింది. సముద్రపు ఒడ్డున పడవలవాళ్ళూ, సరుకు మోసేవాళ్ళూ ఉండే పేటను ఫ్రాన్సు రోడ్డుతో నేరుగా కలపడం దాని పని. ఆ కలిసేచోటే చాపెల్ మూల. రేవు నుంచి వచ్చే సరుకు ఈ మూల దగ్గరే రోడ్డెక్కేది. తర్వాతి శతాబ్దాల్లో ఊరి గొప్ప వర్తకులు ఆ వీధి పొడుగునా మధ్యలో ముంగిలి, ముంగిట్లోంచి పైకి రాతిమెట్లు ఉండే భవంతులు కట్టుకున్నారు. సముద్రపు కొసన 1329 నుంచి 1383 వరకు కట్టిన శాంటా మరియా దెల్ మార్ లేచింది.

సత్రం పక్కన రోడ్డు, రోడ్డు మీద సరుకు, సరుకు వెంబడి ఉత్తరాలు. ఈ చాపెల్ పేరు స్పెయిన్ తపాలా చరిత్రలో కనిపించడానికి దారి అదే. బార్సెలోనా నుంచి కాలినడకనా గుర్రాల మీదా ఉత్తరాలు మోసుకెళ్ళే వార్తాహరులు ఒక సహోదర సంఘంగా కూడి, ఈ చాపెల్‌ను తమ సంఘస్థానం చేసుకున్నారు. దారి చూపే మరియమాత కంటే వాళ్ళకు తగిన దేవత ఇంకెవరుంటారు! బయలుదేరే ముందు ఇక్కడ ఆశీర్వాదం తీసుకుని రోడ్డెక్కేవారని చెబుతారు. వాళ్ళకు పని పంచడం, ఎవరు ఎప్పుడు ఏ ఊరికి వెళ్ళాలో చూడడం, వర్తకుల నుంచి ఉత్తరాలు పుచ్చుకోవడం ‘తపాలా సత్రందారు’ అనదగ్గ ఒక పెద్దమనిషి చేతిలో ఉండేది. ఆ పదవి పేరులో కూడా అతిథికి బస ఇచ్చేవాడన్న మాటే ఉంది.

ఆ ఉత్తరాల్లో ఏముండేదో తెలుసుకోవడానికి కాటలోనియాలో కంటే ఇటలీలో మంచి ఆధారం ఉంది. ప్రాటో పట్టణపు వర్తకుడు ఫ్రాంచెస్కో దతీని 1410లో చనిపోయేనాటికి పోగుచేసిన సుమారు లక్షన్నర ఉత్తరాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. అతని కంపెనీకి బార్సెలోనాలో కూడా కొట్టు ఉండేది. ఉన్ని ధర, కుంకుమపువ్వు ధర, ఏ ఓడ ఎక్కడ చిక్కుకుంది, ఏ ఊళ్ళో మహమ్మారి ఉంది, ఎవరి హుండీ (డబ్బు చెల్లించమని రాసిచ్చే చీటీ) చెల్లలేదు — ఇవే సంగతులు, మళ్ళీ మళ్ళీ. ఉత్తరాల సంచికి ఇటలీ వర్తకులు స్కార్సెల్లా అనే పేరు వాడేవారు. నలుగురు వర్తకులు డబ్బు వేసుకుని ఒక మనిషిని పంపితే ఆ మొత్తం ఏర్పాటుకే ఆ సంచి పేరు వచ్చింది. ధర మారిన వార్త ముందు అందినవాడిదే లాభం కనుక, సంచి మోసేవాడి కాళ్ళ మీద ఊరి వ్యాపారం చాలావరకు నడిచేది. 16వ శతాబ్దిలో స్పెయిన్ రాజుల తపాలాను టాసిస్ కుటుంబం గుత్తకు తీసుకున్నాక స్థానిక సంఘాల పెత్తనం సడలింది. 18వ శతాబ్దిలో తపాలా పూర్తిగా రాజు చేతికి పోయింది, వార్తాహరులతో ఈ చాపెల్ సంబంధం అక్కడితో తెగింది.

సత్రం పని అంతకు చాలా ముందే తగ్గిపోయింది. 13వ శతాబ్దిలో మొదటి జాయుమె రాజు కాలంలో మొదలైన కొత్త కోటగోడ ఈ పేటనంతా లోపలికి తీసుకుంది. ఊరి బయటి సత్రం ఊరి నడుమకు వచ్చింది. చీకటిపడ్డాక వచ్చినవాడు ఆగేచోటు ఇప్పుడు కొత్త ద్వారం అవతలకు జరిగింది. 1348లో నల్లమరణం అనే ప్లేగు వచ్చాక బతికినవారికీ చచ్చినవారికీ ఎక్కడా చోటు చాలలేదు. నగరంలో విడివిడిగా నడుస్తున్న ధర్మ ఆస్పత్రులను 1401లో కలిపేసి, ఊరి మరో పక్కన రావల్ పేటలో శాంటా క్రూ ఆస్పత్రి అనే ఒకే పెద్ద సంస్థను పెట్టారు. దాతల పేర్లతో నడిచిన చిన్న సత్రాల కాలం దాంతో ముగిసింది. ఆ పెద్ద ఆస్పత్రి మాత్రం 20వ శతాబ్ది వరకు బీదల ఆస్పత్రిగానే ఉంది. 1926 జూన్‌లో ట్రామ్ ఢీకొట్టిన సగ్రడా ఫమీలియా రూపశిల్పి ఆంటోని గౌడిని, మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకుని చేర్చింది అక్కడే, ఆయన కన్నుమూసిందీ అక్కడే. సగ్రడా ఫమీలియా చూడడానికి ఏటా లక్షల మంది వస్తున్న ఊళ్ళో ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

మార్కూస్ చుట్టుపక్కల ఎవరు బతికారో వీధుల పేర్లే చెబుతాయి. కార్దేర్స్ అంటే ఉన్ని ఏకేవారు, మన దూదేకులవారి వంటివారు. కోర్దేర్స్ అంటే తాళ్ళు పేనేవారు. చాపెల్ వెనక్కి వెళ్ళే అసావునాడోర్స్ వీధి తోళ్ళు మెత్తన చేసేవారిది, ఫ్లసాడేర్స్ కంబళ్ళు నేసేవారిది. బెసోస్ నది నీటిని ఊరికి తెచ్చే రెక్ కొంటాల్ కాలువ ఈ పేటగుండా పారేది కనుక నీళ్ళు కావలసిన పనులన్నీ ఇక్కడ చేరాయి. తోళ్ళు ఊనే తొట్ల వాసన, సున్నపు వాసన, తడిసిన ఉన్ని వాసన — మొంట్‌కాడ భవంతుల కిటికీల్లోకి గాలి ఏ వైపునుంచి వీచినా ఇవే వచ్చి ఉండాలి. పాత నగరమంటే గులాబీల ముంగిళ్ళు, రాతి దీపాలు అని చూపించే పర్యాటక చిత్రాల్లో ఈ వాసన ఎటూ పట్టదు.

1714 నుంచి రెండు వందల ఏళ్ళలోపే ఈ పేటను మూడుసార్లు కోశారు. 1714 సెప్టెంబరు 11న బార్సెలోనా స్పెయిన్ రాజు అయిదో ఫిలిప్ సేనలకు లొంగిపోయింది; ఊరిని అదుపులో ఉంచే సియుటడెల్లా కోట కోసం, పేటలో సముద్రం వైపున్న వెయ్యికి పైగా ఇళ్ళను కూల్చేశారు. కూల్చే పనిని ఇళ్ళవాళ్ళ చేతే చేయించారు. వాటి పునాదులను ఇప్పుడు పాత బోర్న్ మార్కెట్ కప్పు కింద చూడవచ్చు. చాపెల్ ఎగువన ఉండడం వల్ల బతికింది. 1850ల్లో ప్రిన్సెసా వీధిని తిన్నగా తెరిచినప్పుడు అది మొంట్‌కాడ వీధిని అడ్డంగా కోసింది. భవంతులూ మ్యూజియంలూ ఉన్న పొడుగాటి ముక్క సముద్రం వైపు, చాపెల్ ఉన్న పొట్టి కొస ఇటువైపు మిగిలాయి. నేటికీ పర్యాటకుల గుంపు ప్రిన్సెసా దగ్గర ఆగి వెనక్కి తిరగడం ఆ కోత ఫలితమే. మూడో కోత 1908 మార్చిలో మొదలైన వియా లయెటానా. రేవునూ కొత్త ఊరినీ కలిపే ఆ వెడల్పాటి రోడ్డు కోసం సుమారు పదివేల మంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. మార్కూస్ ముందునుంచి పాత ద్వారం దాకా పోయే రోమన్ దారి కూడా దాని కింద తెగిపోయింది.

సరిగ్గా అదే 1908లో బార్సెలోనాలో ఇంకొకటి జరిగింది. ఊరి వ్యాపారులూ పెద్దలూ కలిసి ‘బయటివారిని ఆకర్షించే సంఘం’ అని అర్థం వచ్చే పేరుతో ఒక సొసైటీ పెట్టారు. కరపత్రాలు, పటాలు, మార్గదర్శక పుస్తకాలు వేసి విదేశీయులను ఊరికి పిలవడం దాని ఉద్దేశం. ప్రస్తుత తగవుకు అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. అప్పటిదాకా బయటినుంచి వచ్చినవాడు ఊరికి ఖర్చు, ఆ ఖర్చు దాతది. అప్పటినుంచి వాడు రాబడి. వాడికి చూపించడానికి ఊరు తన పాతదనాన్ని సర్దుకోవడం మొదలుపెట్టింది. వియా లయెటానాకు అడ్డొచ్చిన ఒక భవంతిని రాయి రాయి ఊడదీసి తీసుకెళ్ళి ప్లాసా దెల్ రేయిలో మళ్ళీ నిలబెట్టారు. గోథిక్ పేటలో అందరూ ఫోటో తీసుకునే వంతెన 1928లో కొత్తగా కట్టిందే.

అదే కాలంలో కాటలాన్ మేధావులకు రోమనెస్క్ మీద పెద్ద మోజు కూడా పుట్టింది. 1907లో ఒక పండిత బృందం పిరనీస్ కొండలెక్కి, బోయి లోయ చర్చిల గోడల మీది బొమ్మలను లోకానికి చూపించింది. 1919 నుంచి 1923 వరకు ఆ బొమ్మలను గోడల నుంచి జాగ్రత్తగా ఒలిచి బార్సెలోనా మ్యూజియానికి తెచ్చారు. తమ జాతి పుట్టుక ఆ గుండ్రటి కమానుల్లో ఉందని నమ్మిన తరం అది. కొండల్లోని రోమనెస్క్‌కు అంత గౌరవం దక్కిన రోజుల్లో, ఊరి నడిబొడ్డున ఇరుకు మూలలో నిలబడ్డ ఈ చిన్న రోమనెస్క్ చాపెల్‌ను పట్టించుకున్నవారు తక్కువ. 1909లోనూ, 1936 అంతర్యుద్ధపు తొలి రోజుల్లోనూ నగరంలో ఎన్నో చర్చిలు తగలబడ్డాయి. శాంటా మరియా దెల్ మార్ పదకొండు రోజులు కాలింది. మార్కూస్ గోడలు నిలిచాయి గానీ లోపల మధ్యయుగపు సామగ్రి ఏదీ మిగల్లేదు.

మిగతా కథ అందరికీ తెలిసినదే కనుక వేగంగా చెప్పుకోవచ్చు. 1963లో మొంట్‌కాడ వీధి భవంతిలో పికాసో మ్యూజియం తెరిచారు. 1990లో నగరంలో బసచేసిన పర్యాటకులు సుమారు 17 లక్షలు. 1992 ఒలింపిక్స్ తర్వాత ఆ సంఖ్య పెరుగుతూ పోయి కోటి దాటింది. ఊరి జనాభా మాత్రం 16, 17 లక్షల దగ్గరే ఉంది. శాంటా కాటెరీనా మార్కెట్‌ను 2005లో రంగురంగుల అలల కప్పుతో కొత్తగా తెరిచారు. దాని వెనక ఇళ్ళు కూల్చి ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేసిన నేలకు స్థానికులు ‘సిగ్గుమాలిన గుంత’ అని పేరు పెట్టి, అక్కడ చెట్లు నాటి, పోలీసులతో తలపడి, చివరికి దాన్ని తోటగా నిలబెట్టుకున్నారు. ఆ చోటు మార్కూస్ నుంచి నడిచిపోయే దూరమే.

2012 నవంబరు నుంచి కాటలోనియాలో బసచేసే పర్యాటకుడు రాత్రికింత అని పన్ను కట్టాలి. 2015లో మేయర్‌గా గెలిచిన ఆడా కొలావు కొత్త హోటళ్ళ అనుమతులు ఆపేశారు. 2017లో పర్యాటక బసలకు ప్రత్యేక ప్రణాళిక వచ్చింది. పాత నగరంలో కొత్త బసలు పెట్టడానికి వీల్లేదన్నారు. ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. మేయర్ చెప్పిన 10,101 ఫ్లాట్లలో ఎక్కువ భాగం పాత నగరంలో లేవు. ఇంజనీరు సెర్దా గీసిన 1859 నాటి ప్రణాళికతో కట్టిన కొత్త పేట ఎశాంప్లాలో ఉన్నాయి. లైసెన్సులను ముందుగా బిగించింది పాత నగరంలోనే. అయినా కోపం ఎక్కువగా వినిపించేది ఇక్కడే, ఎందుకంటే వీధులు ఇరుకు, గోడలు దగ్గర, చప్పుడు పోయేచోటు లేదు. చక్రాల పెట్టెను రాతిపలకల మీద లాక్కుంటూ వేకువన నాలుగింటికి విమానం అందుకోవడానికి పోయేవాడి చప్పుడు కార్దేర్స్ వీధిలో మూడో అంతస్తులో పడుకున్నవారికి కూడా నిద్ర చెడగొడుతుంది. తగవులో అద్దెల లెక్కలతో సమానంగా ఈ పెట్టె చక్రాల మాట వస్తూ ఉంటుంది.

లెక్కల్లో పడని బయటివారు ఇంకొందరు ఉన్నారు. పాత నగరంలో ఇప్పుడుండే సుమారు లక్షమందిలో సగానికి పైగా విదేశాల్లో పుట్టినవారే. మొరాకో, డొమినికన్ రిపబ్లిక్, పాకిస్తాన్ వంటి దేశాల నుంచి వచ్చి, ఉన్ని ఏకేవారూ తాళ్ళు పేనేవారూ ఖాళీ చేసిన వీధుల్లో మంగలి అంగళ్ళు, కిరాణా కొట్లు పెట్టుకున్నారు. హోటళ్ళ వంటిళ్ళలో గిన్నెలు తోముతున్నారు, గదులు ఊడుస్తున్నారు. అద్దె పెరిగితే ముందు కదలవలసివచ్చేది వీళ్ళే. పర్యాటకం వద్దనే ఊరేగింపుల్లో వీళ్ళ పాలు తక్కువ, పర్యాటకం మీద బతుకులో మాత్రం ఎక్కువ. మార్కూస్ తన సత్రంలో చోటిచ్చిన బాటసారులకు వారసులెవరని అడిగితే, అద్దె ఫ్లాటులో మూడు రాత్రులుండి పోయేవారికంటే వీళ్ళే దగ్గర అని చెప్పాలి.

సత్రం పోయింది, శ్మశానం మీద ఇళ్ళు లేచాయి, చాపెల్ ఒక్కటి ఉంది. దాని తలుపు మామూలుగా మూసే ఉంటుంది. బయట రాతి అరుగంచున అప్పుడప్పుడు ఎవరో ఒకరు పెట్టె పక్కన పెట్టుకుని, ఫోను చూసుకుంటూ, తాము తీసుకున్న ఫ్లాటు తాళం ఎక్కడ దొరుకుతుందో అని వెతుక్కుంటూ ఉంటారు. ఆ ఫ్లాటు లైసెన్సు గడువు 2028 నవంబరు.